బాగుంది టీచర్

"కాసేపు బయట కూర్చోండమ్మా, మేం మాట్లాడుకుని పిలుస్తాం" అన్నారు లోపల, అంతే, టీచరమ్మ బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతమంది పిల్లల్ని ఇదే మాట చెప్పి తలుపు బయటికి పంపిందో, పంపాక వాళ్ళేం చేస్తారో ఎన్నడూ తొంగి చూడలేదు, ఇప్పుడు తెలిసింది, ఏమీ చెయ్యరు, తలుపు వంక చూస్తూ కూర్చుంటారు. తలుపుకి పై సగం గరుకు అద్దం, దాని వెనక మనుషులు మరకల్లా కనిపిస్తున్నారు, పొడుగు మరక డిపార్ట్‌మెంట్ హెడ్ గారు, కదలకుండా కూర్చున్న మరక వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన కళ్ళద్దాలావిడ, పక్కన ఒదిగి కూర్చున్న చిన్న మరక టీచరమ్మ గైడు, అంటే ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న పిచ్చుక. వైవా అంటే ఇదేనట, ఏళ్ళ తరబడి రాసిన థీసిస్ గురించి ఓ గంట అడగడం, అడిగి రాసిన మనిషిని బయటికి పంపడం, డాక్టరేట్ ఇవ్వాలో వద్దో లోపల తేల్చుకోవడం. బల్లకి ఒక కాలు పొట్టి, అటు ఒరిగినా టక్కుమంటుంది, ఇటు ఒరిగినా టక్కుమంటుంది, ఒరగకుండా కూర్చుందామంటే కొత్త బూట్లు మడమ దగ్గర కొరుకుతున్నాయి. "డాక్టరమ్మ అవబోతూ ఆ అరిగిపోయిన చెప్పులేంటోయ్" అని ఆయన పనిగట్టుకుని వెళ్ళి కొనుక్కొచ్చాడు, ఒక సైజు తక్కువ, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయనకి ఆవిడ పాదం సైజు తెలీదు, ఆవిడా చెప్పలేదు, సరదాపడి తెచ్చిన మనిషి మొహం మీద బిగుతుగా ఉన్నాయండీ అని ఎలా అంటుంది, బాగున్నాయండీ అంది.

ఇందాకటిదాకా అంతా సవ్యంగానే ఉంది. కళ్ళద్దాలావిడని చూడగానే టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది కూడా, తన ఈడుదే, జుట్టుకి రంగు వేసుకోలేదు, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి, హమ్మయ్య, కుర్ర ఎగ్జామినర్ ఎవడైనా వచ్చి అడ్డదిడ్డంగా అడుగుతాడేమో అని భయపడి చచ్చాను, ఈవిడకి మన బాధ తెలుస్తుంది అనుకుంది. ఆవిడ థీసిస్ నిండా కాగితం ముక్కలు గుర్తులు పెట్టుకుని వచ్చింది. "చిన్నపిల్లల తప్పుల్ని ఇంత ఓపిగ్గా పోగేసినవాళ్ళని నేను చూడలేదండీ" అంది ముందు, మనస్ఫూర్తిగానే అంది, టీచరమ్మ పొంగిపోయింది కూడా. "ఇప్పుడు మీరు ఎలా చేశారో మీ మాటల్లో చెప్పండి" అంది తర్వాత. అది చెప్పడమెంత పని, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, మొదలుపెట్టింది, ఏడాది మొదట్లో నా క్లాసు పిల్లలకి కూడికలు తీసివేతల్లో ఒక పరీక్ష పెట్టానండీ, ఎవరు ఏ రకం తప్పు చేస్తున్నారో విడదీశాను, తర్వాత ఏడాదంతా నా పద్ధతిలో చెప్పాను, ఏడాది చివర అలాంటి పరీక్షే మళ్ళీ పెట్టాను, తప్పులు సగానికి సగం తగ్గిపోయాయి, కాబట్టి నా పద్ధతి వల్ల, అంది, అని ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. కళ్ళద్దాలావిడ ఇంట్లో మనిషిని అడిగినట్టు మెల్లగా అడిగింది, "మీరు చెప్పని పిల్లలు ఆ ఏడాది ఏం నేర్చుకున్నారండీ?"

మీరు చెప్పని పిల్లలు. ఆ ముక్క ఇంకా చెవిలోనే ఉంది, ఎదురుగా గోడ మీద వరసగా వేలాడదీసిన పాత హెడ్‌ల ఫొటోలన్నీ అదే ముక్క పట్టుకుని చూస్తున్నాయి, పక్కన మంచినీళ్ళ ఫిల్టర్ కింద బొట్టు బొట్టుగా కారుతోంది, ఎవరో గ్లాసు పెట్టి మర్చిపోయారు, గ్లాసు నిండి పొర్లుతోంది. ఏడాది గడిస్తే పిల్లలు ఏడాది పెద్దవాళ్ళవుతారు, కాస్త పొడుగవుతారు, బూట్లు చాలకుండా పోతాయి, ఆ కాస్త బుర్ర కూడా పెరుగుతుంది, దానికి ఏ టీచరూ అక్కర్లేదు, ఏ పద్ధతీ అక్కర్లేదు, తప్పులు వాటంతటవే తగ్గుతాయేమో, పాలపళ్ళు ఊడినట్టు. తగ్గుతాయో లేదో చూడాలంటే నేను చెప్పని క్లాసుకి కూడా అదే పరీక్ష పెట్టి చూడాలి. ఇంతే. దీనికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు. ఈ ముక్క ఇన్నేళ్ళలో తట్టకపోవడమేంటి, నా బుర్ర ఎక్కడ తగలబడింది అనుకుంది, సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఒక్కతే ఉన్న వరండాలో కూడా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాట మధ్యలో అలా ఆగిపోవడం మాత్రం కొత్త కాదు, ఆ ఆగడాన్ని కొన్ని వందల మొహాల్లో చూసింది, దాని మీదే కదా థీసిస్ అంతా. మొదటిసారి చూసింది పిచ్చుక మొహంలో. వాడి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పలికేది కాదు, వెనక బెంచీలో ఒక చోట నిలవకుండా ఇటు గెంతి అటు గెంతి కూర్చునేవాడు, పిచ్చుకా కాస్త వాలరా అంది ఒకరోజు, అదే ఖాయమైపోయింది. యాభై రెండులోంచి పదిహేడు తీసెయ్యమంటే నలభై ఐదు అని రాసుకొచ్చాడు. ఎర్ర పెన్నుతో కొట్టెయ్యడానికి చెయ్యి లేపింది కూడా, ఎందుకో ఆ రోజు కొట్టెయ్యలేదు, ఒంట్లో ఓపిక ఉందో, బయట వాన పడుతుంటే మనసు మెత్తబడిందో, "ఎలా చేశావో చెప్పు" అంది. వాడు ధీమాగా మొదలుపెట్టాడు, రెండులోంచి ఏడు పోదు టీచర్, అందుకని ఏడులోంచి రెండు తీసేశాను, ఐదు, తర్వాత ఐదులోంచి ఒకటి తీసేస్తే నాలుగు, అంటే నా దగ్గర యాభై రెండున్నాయి, నేను పదిహేడు ఇచ్చేశాను, అప్పుడు నా దగ్గర నలభై, అని ఆగిపోయాడు. వాడి మొహంలో ఏదో కదిలింది, పెదాలు ఊరికే ఆడాయి, పుస్తకం తనవైపు లాక్కుని వెళ్ళిపోయి, ముప్ఫై ఐదు అని రాసుకొచ్చాడు. అది వాడి పరధ్యానం కాదు, వాడికో సొంత సూత్రం ఉంది, ఆ సూత్రాన్ని వాడి నోటితోనే చెప్పిస్తే వాడే దాన్ని పట్టుకుంటాడు. ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్ళి వంట చేస్తూ చేస్తూ, పొయ్యి మీద గిన్నె మాడిపోతున్నా చూడకుండా నిలబడిపోయింది. ఆ తర్వాత ఆవిడ క్లాసులో ఎర్ర పెన్ను లేదు, ఎలా చేశావో చెప్పు అన్న మాటే ఉంది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతాడే, ఆ ఆగడమే చదువు అని థీసిస్ మొదటి పేజీలో రాసుకుంది. ఇవాళ ఆ పద్ధతి ఆవిడ మీదే పనిచేసింది. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపు అడ్డుపడింది, వరండా చివర ఎవరో నడుస్తున్న చప్పుడైతే దగ్గినట్టు సర్దుకుంది.

ఈ వయసులో ఇదెందుకు అని అడగనివాళ్ళు లేరు. చేరడానికి వచ్చిన మొదటిరోజు కౌంటర్ దగ్గర గుమాస్తా తలెత్తకుండానే, "పిల్లని లోపలికి పంపండమ్మా, పేరెంట్స్ బయట ఉండాలి" అన్నాడు, పిల్లని నేనే బాబూ అంటే తలెత్తి, ముందు ఆవిడని, తర్వాత ఆవిడ వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని చూశాడు. లైబ్రరీ గేటు దగ్గర వాచ్‌మన్ ప్రొఫెసరనుకుని రెండు నెలలు లేచి నిలబడ్డాడు, కార్డు చూశాక కూర్చునే చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. విద్యార్థుల పాస్ చూపిస్తే బస్సు కండక్టర్ ఇది ఎవరిదమ్మా అనేవాడు. రిసెర్చ్ రూములో కుర్రపిల్లలు మొదట మేడం అన్నారు, తర్వాత ఆంటీ అన్నారు, ఆవిడ టిఫిన్ బాక్సు అందరి మధ్యా తెరవడం మొదలయ్యాక అమ్మా అన్నారు, వాళ్ళ కంప్యూటర్ కష్టాలు వాళ్ళు తీర్చుకునేవాళ్ళు, ఆవిడవి కూడా తీర్చేవాళ్ళు, వాళ్ళ ప్రేమల కష్టాలు మాత్రం ఆవిడ తీర్చాల్సి వచ్చేది. ఎంత బాగుండేది. పగలంతా పుస్తకాల మధ్య కూర్చుని, ఎవరికీ ఏమీ వండకుండా, ఎవరి ముక్కూ తుడవకుండా, తన కోసం తను ఒక వాక్యం రాసుకోవడం, అది కొట్టేసి ఇంకోటి రాసుకోవడం, ఇంత సుఖం లోకంలో ఉందని తెలియక ఎంతకాలం పోగొట్టుకున్నాను అనిపించేది. మొదటి ఏడాది క్లాసుల కోసం సెలవు పెట్టింది, తర్వాత బడికి వెళ్ళి పిల్లలకి పరీక్షలు పెట్టింది, అవి అయ్యాక రాయడానికి తీరిక కావాలని ఉద్యోగమే ముందుగా వదిలేసుకుంది. ఇప్పుడు క్లాసు లేదు, పిల్లలూ లేరు. ఇప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు, మూడోసారి అనేది వీళ్ళ రూల్లోనే లేదు. లోపల వాళ్ళు కాదంటే మళ్ళీ ఎక్కడ మొదలుపెడుతుంది, ఎవరి పిల్లలతో మొదలుపెడుతుంది.

ఫోన్ వణికింది. ఆయన. ఎత్తకపోతే ఊరుకోడు, ఎత్తింది. "ఏమైందోయ్?" "ఇంకా లోపల మాట్లాడుకుంటున్నారండీ." "ఇంతసేపా? అయితే తెగ మెచ్చుకుంటున్నట్టున్నారు. ఎదురింటావిడ వచ్చి కూర్చుంది, డాక్టరమ్మ ఎప్పుడొస్తుందని, మోకాలి నొప్పికి ఏదైనా రాసిస్తావేమోనని చూస్తోంది, అది కాదమ్మా ఈ డాక్టరు వేరు అంటే వినట్లేదు." వెనక ఎదురింటావిడ ఏదో అంటోంది, ఆయన పగలబడి నవ్వుతున్నాడు. ఆవిడా నవ్వింది. నవ్వినట్టు శబ్దం చేసింది. "బూట్లు ఎలా ఉన్నాయి?" "బాగున్నాయండీ" అని పెట్టేసింది. ఇన్నేళ్ళూ వంటిల్లు ఆయనే చూసుకున్నాడు, మొదట్లో ఉప్పు ఎంత వెయ్యాలో లైబ్రరీకి ఫోన్ చేసి అడిగేవాడు, తర్వాత అడగడం మానేశాడు, తర్వాత బాగానే వండటం మొదలుపెట్టాడు, ఆవిడ చెప్పకుండానే. ఆవిడ చెప్పకుండానే. ఇదెక్కడి గోల, ఏది తలుచుకున్నా తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది.

చెప్పని పిల్లలు ఎక్కడో దూరాన ఉన్నారా అంటే అదీ కాదు. గోడ అవతలే ఉన్నారు. ఆవిడది ఒక సెక్షన్, గోడ అవతల రెండో సెక్షన్ ఆవలింతల మాస్టారిది. పాపం మంచివాడే, పిల్లల్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు, అనాలంటే మెలకువగా ఉండాలిగా. ఎక్కాలు చదవండ్రా అని చెప్పి కుర్చీలో వెనక్కి వాలిపోయేవాడు, పిల్లలు గొంతులు చించుకుని ఎక్కాలు అరిచేవాళ్ళు, అరుపు ఆగితే మెలకువొస్తుందని వాళ్ళకీ తెలుసు. ఆ గోల గోడలోంచి వినబడుతుంటే ఇటు ఆవిడ తన పిల్లల వంక చూసి, అబ్బ, నా పిల్లలు ఎంత అదృష్టవంతులో అనుకునేది. ఏళ్ళ తరబడి అనుకుంది. ఒక్కరోజు కూడా ఆ తలుపు తోసుకుని వెళ్ళి, యాభై రెండులోంచి పదిహేడు తీస్తే ఎంతరా అని అడగలేదు. అడగాల్సిన అవసరమే కనబడలేదు, జవాబు తనకి తెలుసు కదా. ఆ సెక్షన్ వాళ్ళు కూడా పై క్లాసులకి వెళ్ళారు, అక్కడ ఇద్దరి పిల్లల్నీ కలిపేసేవారు, ఎవరు ఎవరి సెక్షనో పై క్లాసు టీచర్లు ఎవరూ కనిపెట్టినట్టు లేదు. ఆవలింతల మాస్టారి దగ్గర చదివినవాడొకడు ఇప్పుడు వంతెనలు కడుతున్నాడని విన్నది. వంతెనలు నిలబడే ఉన్నాయి.

అయితే మరి నేను చేసిందేంటి. ఇది థీసిస్ గురించిన ప్రశ్న కాదు, ఇంకెవరికైనా థీసిస్ గురించే కావచ్చు, ఆవిడకి కాదు. పొద్దున్నే లేచి, జ్వరంతో కూడా వెళ్ళి, కన్నపిల్లకి ఒంట్లో బాగోకపోతే పక్కింట్లో వదిలేసి వెళ్ళి, ఒక్కొక్కడి పక్కనా మోకాళ్ళ మీద కూర్చుని ఎలా చేశావో చెప్పు నాన్నా అని వినీ వినీ, మోకాళ్ళు అరిగిపోయి, ఇదంతా ఏమైనా ఉందా, లేకపోతే ఎండ పడ్డ చోట నిలబడి మొక్కలు నా వల్లే పెరుగుతున్నాయి అనుకున్నానా. దారిలో కనబడి నమస్తే టీచర్ అనేవాళ్ళు, మీరు చెప్పిన లెక్కలే టీచర్ ఈ రోజుకీ అనేవాళ్ళు, ఆవలింతల మాస్టారికి కూడా అంతే చేస్తారు, ఆయన రిటైరైన రోజు పిల్లలు ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చారు, కళ్ళారా చూసింది, వీళ్ళెందుకు ఏడుస్తున్నారబ్బా అనుకుంది. తెలుసుకునే దారే లేదు ఇక. ఆ పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. ఒకే ఒక్క అవకాశం, ముప్ఫై ఏళ్ళకి ఒక్కసారి, ఆ చివరి ఏడాదిలో వచ్చింది, చేతిలో పరీక్ష కాగితాలున్నాయి, మధ్యలో ఒక్క గోడే ఉంది, ఆ గోడ దాటి ఉంటే ఇవాళ ఏదో ఒకటి తెలిసేది, మంచో చెడో తెలిసేది. డాక్టరేట్ పోతే పోయింది, పీడా పోయింది, కానీ ఇది తెలియకుండానే చచ్చిపోవాలి. మంచినీళ్ళు తాగుదామనుకుంది గానీ లేవబుద్ధి కాలేదు.

టీలు తెచ్చే ఆవిడ ట్రేతో వచ్చి, భుజంతో తలుపు తోసింది, "మీకు కూడా తేనా టీచరమ్మా, మొహం అలా ఉందేంటి" అంటూ ఒక క్షణం తలుపు పట్టుకుని నిలబడింది, ఆ సందులోంచి కళ్ళద్దాలావిడ గొంతు వచ్చింది, ఇందాకటంత మెత్తగా లేదు, "గైడ్‌గా మీరేం చూశారు మరి? ఇది కనబడలేదా మీకు?" తలుపు మూసుకుంది. పిచ్చుక ఏమన్నాడో వినబడలేదు. గరుకు అద్దం వెనక చిన్న మరక ఇంకా చిన్నదైంది. టీచరమ్మ సగం లేచింది, వాణ్ణేమీ అనకండి, తప్పు నాది, వాడు చిన్నవాడు, అని లోపలికి వెళ్ళి అడ్డుపడాలనిపించింది, బట్టతల వచ్చి, తనకింద డజను మంది రిసెర్చ్ చేస్తున్న ప్రొఫెసర్‌ని పట్టుకుని వాడు చిన్నవాడు అంటే ఏం బాగుంటుంది, కూర్చుంది, బల్ల టక్కుమంది. కూర్చున్నాక, అప్పుడు, మెల్లగా ఆ మాట బుర్రకెక్కింది. కనబడలేదా మీకు. కనబడకపోవడమేంటి. వాడు ప్రతి ఏడాదీ చెప్పే పాఠమే అది.

తన మొదటి ఏడాది క్లాసులో ముందు బెంచీలో కూర్చుని విన్నది ఆ పాఠం. పిచ్చుక బోర్డు ముందు నిలబడి, ఒక క్లాసుకి కొత్త పద్ధతిలో చెప్పామంటే, పాత పద్ధతిలో చెప్పే ఇంకో క్లాసుతో పోల్చి చూడకపోతే ఏమీ తేలదు అని గంటసేపు విడమరిచి చెప్పాడు. ఆవిడ విన్నదా? విన్నది, కానీ ఏం విన్నది, వాడు ఎంత ముచ్చటగా చెబుతున్నాడో విన్నది. సుద్దముక్క రెండు వేళ్ళ మధ్య పట్టుకునే తీరు అచ్చం నాదే, నా దగ్గరే నేర్చుకున్నాడు, బోర్డు మీద వరస ఇంకా పైకి ఎక్కుతోంది వెధవకి, ఎన్నిసార్లు చెప్పాను తిన్నగా రాయరా అని, గొంతు కాస్త పెంచితే వెనకవాళ్ళకి వినబడుతుంది, తిండి సరిగా తింటున్నాడో లేదో, ఇలా సాగింది ఆవిడ వినడం. పక్కన కూర్చున్న కుర్రపిల్లలు పాఠం రాసుకున్నారు, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. క్లాసయ్యాక వాడు నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చి, "ఎలా చెప్పాను టీచర్?" అని అడిగాడు. "చాలా బాగా చెప్పావు నాన్నా, సారీ, చెప్పారు సార్" అంది. నలుగురిలో సార్ అని మీరు అని పిలవాలని తనే పెట్టుకున్న నియమం. వాడు మాత్రం ఎక్కడైనా టీచరే అన్నాడు, ఆవిడ గదిలోకొస్తే లేచి నిలబడ్డాడు, తన కుర్చీ ఇచ్చి తను స్టూలు మీద కూర్చున్నాడు, గైడుగా ఉండమని అడగడానికి వెళ్ళిన రోజు కళ్ళనీళ్ళ పర్యంతమైపోయాడు, మీకు నేను గైడ్ ఏంటి టీచర్ అన్నాడు. ఆ రోజే అర్థం చేసుకుని ఉండాల్సింది.

చెప్పబోయాడు కూడా. ఇప్పుడు గుర్తొస్తోంది, ఇంత స్పష్టంగా గుర్తొస్తుందంటే అప్పుడు కూడా లోపల ఎక్కడో తెలిసే ఉండాలి. ఆవిడ పరీక్షలు పెట్టడానికి మళ్ళీ బడికి వెళ్ళబోయే ముందు ఒక ఆదివారం ఇంటికొచ్చాడు, కాసిని పళ్ళు తెచ్చాడు, ఆయనతో క్రికెట్ మాట్లాడాడు, కప్పు ఖాళీ అయ్యాక కూడా కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి లేచి గుమ్మం దగ్గర, "టీచర్, మీ పిల్లలతో పాటు ఆ పక్క సెక్షన్‌కి కూడా అదే పరీక్ష పెడితే ఎలా ఉంటుందంటారు" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. "ఆవలింతల మాస్టారి సెక్షన్‌కా? పాపం వాళ్ళ పరువు ఎందుకురా బజారుకీడ్చడం" అంది. వాడు కూడా నవ్వాడు. "అవును టీచర్" అన్నాడు, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అంతే. ఆ తర్వాత ఒక్కో చాప్టర్ పట్టుకెళ్ళి ఇస్తే, పేజీలు తిప్పి, ఇక్కడ కామా పెడదామా టీచర్ అనేవాడు, ఇక్కడ పేరా మారుద్దామా అనేవాడు, బాగుంది టీచర్ అనేవాడు. మిగతా కుర్రాళ్ళ చాప్టర్లు చీల్చి చెండాడేవాడు, రిసెర్చ్ రూములో వాళ్ళు ఏడుస్తుంటే ఆవిడే టిఫిన్ పెట్టి ఊరుకోబెట్టేది, మీ సారుకి కాస్త కోపమెక్కువ, మనసు మంచిదేలే అనేది. నాకైతే ఎప్పుడూ ఏమీ అనడు అని లోపల్లోపల మురిసిపోయేది. ఆ కుర్రాళ్ళలో ముగ్గురికి అప్పుడే డాక్టరేట్లు వచ్చేశాయి.

కోపం రావాలి, రావట్లేదు, వస్తే బాగుండు. తలుపు తెరుచుకుంది, పిచ్చుక ఒక్కడే వచ్చాడు, తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేసి, ఆవిడ ముందు నిలబడి, నిలబడలేక బల్లకి అటు చివర కూర్చున్నాడు. బల్ల అటు ఒరిగింది.

"లోపలికి రమ్మంటున్నారు టీచర్. హెడ్ గారు చెప్తారు."

"ఏం చెప్తారో నువ్వు చెప్పు." డిపార్ట్‌మెంట్‌లో వాణ్ణి నువ్వు అంది. వాడు గమనించాడు, తల ఇంకాస్త దించాడు.

"ఇంకో క్లాసుతో పోల్చి మొదటినుంచీ మళ్ళీ చెయ్యాలంటున్నారు. నేను చాలా చెప్పి చూశాను టీచర్. గడువు... గడువు ఇక ఇవ్వడానికి లేదంటున్నారు."

"అంటే అయిపోయినట్టే."

ఫిల్టర్ కింద గ్లాసు ఇంకా పొర్లుతూనే ఉంది. వాడు జేబులోంచి రుమాలు తీశాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టాడు.

"నీకు ముందే తెలుసు కదూ."

"తెలుసు టీచర్."

"మొదటినుంచీనా?"

"మొదటినుంచీ."

"మరి ఒక్క ముక్క అనలేదేంరా?"

"ఒకసారి అనబోయాను. మీరు నవ్వారు." వాడు రుమాలు మళ్ళీ బయటికి తీశాడు. "తర్వాత ప్రతిసారీ ఈసారి చెప్పెయ్యాలి అనుకునేవాణ్ణి. మీరు చాప్టర్ పట్టుకుని ఎంతో సంతోషంగా వచ్చేవాళ్ళు. వచ్చే ఎగ్జామినర్ ఎవరైనా చూసీ చూడనట్టు వదిలేస్తారులే అనుకున్నాను. మీకు తప్పు అని నేను ఎలా చెప్తాను టీచర్?"

ఆవిడ వాడి వంక చూసింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది, కళ్ళ కింద నల్లబడింది, చొక్కా మీద సుద్దపొడి. తిట్టడానికి కూడా నోరు రాలేదు, తను మాత్రం తక్కువ తిన్నదా, ఇందాకే ఫోన్‌లో బూట్లు బాగున్నాయండీ అంది. డాక్టరేట్ సంగతి తేలిపోయింది, ఇక దాని గురించి అడగడానికేమీ లేదు. మిగిలింది ఒక్కటే, దాన్ని అడగడానికి లోకం మొత్తం మీద ఈ ఒక్కడే మిగిలాడు, ఆ గోడకి ఇటువైపు కూర్చున్నవాడు, ఇప్పుడు ఇలాంటివి తేల్చడమే వృత్తిగా బతుకుతున్నవాడు. అడగకుండా ఉంటే మంచిదని తెలుసు, అయినా అడిగింది.

"ఒరే పిచ్చుకా, నా మీద ఒట్టు, నిజం చెప్పు. ఆ రోజుల్లో నీకు నా సెక్షన్ కాకుండా ఆవలింతల మాస్టారి సెక్షన్ ఇచ్చి ఉంటే, నేను నీకు ఒక్క అక్షరం కూడా చెప్పకుండా ఉంటే, నీకు లెక్కలొచ్చేవా, రావా?"

"రావు టీచర్" అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీరు లేకపోతే నేనెక్కడ టీచర్?"

కళ్ళనిండా నీళ్ళతో అన్నాడు, అబద్ధమాడుతున్నవాడిలా లేడు. పరీక్షలు ఎలా పెట్టిందో రాసిన మూడో చాప్టర్ ఇచ్చిన రోజు కూడా ఇదే గొంతుతో, ఇంతే తొందరగా, బాగుంది టీచర్ అన్నాడు.